వరుసలో వదిలిన చోటు

సోలార్ ప్లాంటు, పొద్దు వాలే వేళ. ప్లేట్లు కడిగే ఆమె, సర్వేయరు.

"ఆ పైపు అక్కడ పడేసి ఒక్క నిమిషం ఇటు రా అక్కా. చెప్పేది విను."

"వింటూనే ఉన్నా. చెవులతో కడగట్లేదుగా, చేతులతోనేగా. చెప్పు తమ్ముడూ."

"ఎదురుగా కూర్చుంటే చెప్తా."

"కూర్చుంటే ట్యాంకర్ వాడు వెళ్ళిపోతాడు. వాడికసలే మా మీద కోపం. ఈ వరుస, ఆ పక్కది, అంతే. అయ్యాక వచ్చి నీ ముందు కూర్చుంటా. ఎంతసేపైనా చెప్పుకో."

"అంత టైము లేదు. పొద్దున్నే యంత్రం వస్తోంది."

"ఏ యంత్రం?"

"గుంజలు దిగ్గొట్టేది."

"కొత్త షెడ్డుకా?"

"షెడ్డుకి కాదు. దేనికో నీకు తెలుసు."

"నాకేం తెలుసు. నీళ్ళు పోసేదాన్ని."

"అక్కా, ఖాళీ చోటుకి."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఇంత మాట చెప్తే ఊఁ అంటావేంటి? నీ బిడ్డ ఉన్న చోటు. ఇంత ప్లాంటులో ఒక్క ప్లేటు కూడా పెట్టకుండా వదిలిన చోటు అదొక్కటే. రేపు పొద్దున అక్కడ ఇనప గుంజలు దింపుతారు. అర్థమవుతోందా?"

"అవుతోంది. అరవకు. అటు పక్క ఆడవాళ్ళున్నారు."

"విననీ. వాళ్ళకి తెలియనిదా?"

"తెలిస్తే మాత్రం, అందరి ముందూ అనాలా? చెప్పు, ఎవరన్నారు నీతో?"

"కొత్త కంపెనీ వాళ్ళు."

"మొన్న చొక్కాల మీద బొమ్మ మార్చారు, వాళ్ళేనా?"

"వాళ్ళు రెండోవాళ్ళు. వీళ్ళు మూడోవాళ్ళు. మన ప్లాంటు మళ్ళీ చేతులు మారింది."

"మాకెవరూ చెప్పలేదే!"

"నాకు మాత్రం ఎవరు చెప్పారు? జీతం వేరే పేరు మీద పడితే తెలిసింది. మొదటివాడు కట్టాడు, రెండోవాడికి అమ్మాడు, వాడు ఏదో ఫండుకి అమ్ముకున్నాడు. ప్లేట్లు, తీగలు, కంచె, గేటు దగ్గర కుక్కలు, అన్నీ కలిపి."

"కుక్కల్ని కూడానా? పాపం, వాటికీ చెప్పి ఉండరు."

"నవ్వకు."

"నవ్వట్లేదు. మరి మొదటాయన ఇచ్చిన మాటో? లీజు కాగితం మీద మీ బావ సంతకం పెట్టేటప్పుడు ఆ టోపీ ఆయన అన్నాడుగా, ఆ చోటు జోలికి రామమ్మా అని. పక్కన నువ్వు కూడా ఉన్నావు."

"ఉన్నా. నోటితో అన్నాడు. కాగితం మీదున్నదే చేతులు మారుతుంది అక్కా. నోటి మాట టోపీ ఆయనతోనే వెళ్ళిపోయింది."

"మరి ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అడగలేదే."

"అడక్కుండా చూసుకున్నది నేను. డ్రాయింగులో అక్కడ, కింద బండ ఉంది, గుంజ దిగదు అని రాశా. అప్పిచ్చిన బ్యాంకు వాళ్ళు చూసి సరే అన్నారు. రెండో కంపెనీ ఇంజినీర్లు చూసి సరే అన్నారు. బండతో ఎవడు వాదిస్తాడు?"

"వీళ్ళు వాదిస్తున్నారా?"

"వీళ్ళు నేల తవ్వి చూశారు. బండ లేదు, గిండ లేదు, మెత్తటి మన్ను అన్నారు."

"మెత్తటిదే. మీ బావ చేతులతో తవ్వాడు. ఆ వానలో పార తేవడానికి ఇంటిదాకా కూడా వెళ్ళలేదు. ఇక్కడే, మన చెలకలోనే, మన కళ్ళ ముందే ఉంటుందన్నాడు. నేను పచ్చి బాలింతని, నన్ను రావద్దన్నారు. అయినా వచ్చా. గుమ్మం పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చా."

"అదే అంటున్నా! అదే చెప్పాలి నువ్వు!"

"ఎవరికి?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ముందు ఆ పైపు కట్టెయ్."

"అయినా ఉన్నవి చాలవా తమ్ముడూ? ఎటు చూసినా ప్లేట్లేనాయె. ఒక్క స్టాండు తగ్గితే లోకం చీకటైపోతుందా?"

"చీకటి సంగతి కాదు, రేటు సంగతి. కరెంటు కొనే బోర్డుతో కంపెనీకి ఒప్పందం ఉంది. మేం ఇంత కరెంటు తీయగల ప్లాంటు చూపిస్తాం, మీరు యూనిట్‌కి ఇంత ఇవ్వండి అని. వడగళ్ళకి ప్లేట్లు పగిలాయి, గుర్తుందా?"

"గాజు ముక్కలేరి చేతులు కోసుకున్నదాన్ని, గుర్తుండదా?"

"వాటి బదులు బయటి దేశం ప్లేట్లు తెద్దామనుకున్నారు. పన్ను పెంచేశారు. ఇక్కడ తయారైనవే వాడాలని రూలు పెట్టారు. ఆ ఇక్కడివేమో అడిగిన వెంటనే దొరకవు. ఆ ఎదురుచూపుల్లోనే పుణ్యకాలం గడిచిపోయింది. ఇప్పుడు నెలాఖరులోగా ఒప్పందంలో రాసినంత చూపించకపోతే పాత రేటు పోతుంది. కొత్త రేటంటే దాంట్లో సగం."

"సగమెందుకు? సూర్యుడు సగమే వస్తున్నాడా?"

"వేలంపాట పెట్టారుగా. ఎవడు తక్కువకి ఇస్తానంటే వాడికే కాంట్రాక్టు. నేను తగ్గిస్తా, నేనింకా తగ్గిస్తా అని పాట పాడుకుంటూ నేలకి దిగారు."

"జనానికి చవగ్గా వస్తుందిగా. మంచిదేగా?"

"జనానికి మంచిదే. నేను కాదన్నానా? ఈ ప్లేట్లు వద్దని కూడా అనను. పొగ లేదు, బూడిద లేదు. నా పిల్లలు దీని మీదే తింటున్నారు. కానీ లెక్క కుదరడానికి ఒకే ఒక్క స్టాండు తక్కువైంది. కంచె పక్కన పెడదామంటే కంచెకి ఇంత దూరం ఉండాలని రూలు. కాలవ పక్కన ఇంకో రూలు. రోడ్డు పక్కన ఇంకోటి. ఏ రూలూ అడ్డం రాని చోటు ప్లాంటంతా వెతికితే ఒక్కటే దొరికింది."

"ఆ ఖాళీ."

"ఆ ఖాళీ."

"పోనీలే తమ్ముడూ."

"ఏంటి పోనీలే?"

"పెట్టుకోనీ అంటున్నా. ఎంతమందితోనని గొడవపడతాం?"

"మతి ఉండే మాట్లాడుతున్నావా? భూమి నీది!"

"భూమి నాదేగానీ వాడుకునేది వాళ్ళు. లీజు కాగితం నువ్వే కదా చదివి వినిపించావు. పాతికేళ్ళు అటు తొంగి చూసే హక్కు కూడా మీకు లేదన్నావు. అందుకేగా నాకీ పని ఇప్పించావు, కంచె లోపలికి రావడానికి."

"ఇప్పుడు దాన్నే నా మీదికి తిప్పకు. విను. నిన్న నేను లాయరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చా."

"నీకెందుకీ తిప్పలు?"

"నా తిప్పలు నేను పడతా. మనిషిని పూడ్చిన చోటు కదిలించాలంటే కోర్టు ఒప్పుకోవాలంటోంది ఆవిడ. లీజు గీజు ఏదీ దానికి అడ్డం రాదంట. పొద్దున్నే కోర్టు తెరవగానే కేసు వేస్తే స్టే ఇస్తారు. స్టే వచ్చిందంటే యంత్రం ఉన్నచోటే ఆగుతుంది. ఆ తర్వాత వాళ్ళే దిగొచ్చి, వేరే చోటు చూసుకుంటాం బాబూ అంటారు."

"కోర్టు వాళ్ళు ఊరికే నమ్ముతారా?"

"నమ్మరు, రుజువు అడుగుతారు. పుట్టినట్టు ఎక్కడైనా రాయించారా? పోయినట్టు?"

"ఏదీ రాయించలేదు. రాయించేంతసేపు ఉందా అది? పేరు కూడా పెట్టలేదు. మీ బావ ఒక పేరు అనుకున్నాడంట. అదేంటని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పటికీ తెలీదు నాకు."

"అందుకే, తల్లి ప్రమాణం ఒక్కటే దారి అంది లాయరమ్మ. తల్లి ఒట్టేసి చెప్తే జడ్జీ కాదనలేడంట. ఇదిగో, ఆవిడే టైపు చేయించి ఇచ్చింది. ఇక్కడ నీ సంతకం పెడితే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా."

"చేతులు తడిగా ఉన్నాయి."

"తుడుచుకో."

"కొంగు కూడా తడిసింది."

"నా రుమాలు తీసుకో."

"అద్దాలు తెచ్చుకోలేదు. చదవకుండా ఎలా పెట్టమంటావు? లీజు అప్పుడు మీ బావ చదవకుండానే పెట్టాడు, చూశాంగా."

"నేను చదువుతా. విను. ఫలానా సర్వే నంబరు గల భూమిలో, పన్నెండో వరుసలో ఎనిమిదో స్టాండు స్థానంలో వదిలిన ఖాళీ స్థలంలో, నా కన్నకూతురిని పూడ్చిపెట్టినట్టు దైవసాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను..."

"చాలు."

"ఇంకా ఉంది."

"చాల్లే. మీ బావని ఒక మాట అడగనీ."

"బావతో పొద్దునే మాట్లాడా. మీ అక్క ఏమంటే అదే అన్నాడు."

"ఆయన ఎప్పుడూ అంతే. అన్నీ నా నెత్తినే పెడతాడు."

"మరి పెట్టు సంతకం."

"కోర్టుకెళ్తే ప్లాంటు ఆపేస్తారా? కడిగే పని కూడా ఆపేస్తారా? ఆ పక్కనున్న వాళ్ళందరికీ ఇదే తిండి. నా ఒక్కదాని కోసం వాళ్ళ నోట్లో మట్టి కొట్టనా?"

"ప్లాంటు ఎందుకాపుతారు? ఆ ఒక్క చోటే ఆపుతారు. సాకులు వెతక్కు అక్కా. ఎవరైనా బెదిరించారా? మేనేజరు ఏమైనా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరేంటి? ఆగాగు, ఫోను. మేనేజరే... ఆ, చెప్పండి సార్. సైట్లోనే ఉన్నా సార్. లేదు సార్, కొత్త డ్రాయింగు మీద ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టను కూడా. అవును సార్, బండ అని రాసింది నేనే. ఎందుకు రాశానో కోర్టులో చెప్తా. కోర్టే అన్నా సార్, మీరు విన్నది కరెక్టే. నా ఉద్యోగం సంగతి నాకు తెలుసు. కేసు పెట్టుకోండి. ఉంటా సార్."

"ఏమంటాడు?"

"ఏముంది, మామూలే."

"మొహం అలా ఎర్రబడితే మామూలా? ఏమన్నాడో చెప్పు."

"తప్పుడు డ్రాయింగుతో బ్యాంకుని మోసం చేశానని కేసు పెడతారంట. ఇంకెక్కడా ఈ పని దొరక్కుండా చేస్తారంట. చేసుకోనీ."

"నువ్వు ఆ కొత్త డ్రాయింగు మీద సంతకం పెడితే?"

"పెడితే ఏమీ లేదు. బండ ఉందనుకున్నాం, లేదని తేలింది అని ఒక ముక్క రాసి మూసేస్తారు."

"అంతేనా?"

"అంతే."

"అయితే పెట్టెయ్."

"ఏంటి?"

"సంతకం పెట్టెయ్ తమ్ముడూ. గుంజలు దింపుకోనీ. నీకు ఇద్దరు పిల్లలు."

"నీకు ఒక్కతే, అదీ మట్టిలో ఉంది! దాని మీద గుంజలు కొట్టుకోనీ అంటున్నావు! నువ్వసలు తల్లివేనా?"

"నా పైపేది? వరుస మిగిలిపోయింది."

"అక్కా... నోరు జారింది. చెంపలేసుకుంటా, తప్పైపోయింది."

"ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఎవరితోనూ అనకు."

"అనను. నాకు పిచ్చెక్కుతోంది అక్కా. రెండు రోజులుగా నిద్ర లేదు. నువ్వేమో చల్లగా నీళ్ళు పోసుకుంటూ, పోనీలే పోనీలే అంటున్నావు. నేనెందుకు ఇంత కొట్టుకుంటున్నానో నీకు తెలీదు."

"తెలుసు."

"తెలీదు. ఈ ఉద్యోగంలో నేనేం చేశాను? గట్లు చెరిపించా. చెట్లు కొట్టించా. పొలాలున్న చోట నంబర్లు వేశా. నీకూ నాకూ మంచి జరుగుతుందని ఊళ్ళో అందరి చేతా సంతకాలు పెట్టించా. కొందరికి జరిగింది, కొందరికి జరగలేదు. అందరూ నన్నే తిట్టుకుంటారు, నాకు వినపడుతుంది. కానీ ఎప్పుడైనా మనసు బాగోకపోతే ఇటొచ్చి ఆ ఖాళీ చూసుకుంటా. ఇంత ఇనుములో నేను ఒక తల్లి కోసం కాస్త నేల మిగిల్చాను అనుకుంటా. నా పెద్దదానికి కూడా తీసుకొచ్చి చూపించా. నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదొక్కటే."

"తెలుసు తమ్ముడూ. అందుకేగా..."

"అందుకే ఏంటి?"

"ఏం లేదు."

"అందుకే ఏంటో చెప్పు. ఇందాకట్నుంచీ మింగేస్తున్నావు. ఎందుకు సంతకం పెట్టవు?"

"ఇంకేదైనా కాగితం తీసుకురా, పెడతా. నా బతుకు మీద రాసుకురా, కళ్ళు మూసుకుని పెడతా. దాని మీద ఒట్టేసి అబద్ధం చెప్పలేను."

"అబద్ధమా? ఇందులో ఏది అబద్ధం?"

"పోనీలే అంటే వినవేం?"

"ఏది అబద్ధం అక్కా?"

"పెద్ద తీగల లైను కింద ఇంకాస్త చోటు వదలాలని మధ్యలో రూలు మార్చారు, గుర్తుందా? ఇంకా గుంజలు దింపకముందు."

"ఎందుకు గుర్తులేదు! గీసిందంతా పాడైందని ఏడ్చా. మొత్తం డ్రాయింగు తూర్పుకి జరపాల్సొచ్చింది. ఆఫీసులో కూర్చుని నేనే జరిపా. కంప్యూటర్లో అన్నీ ఒకేసారి పట్టుకుని..."

"అన్నీ జరిపావు."

"అన్నీ."

"ఖాళీని కూడా. నువ్వు కావాలని చేయలేదు. నీ డ్రాయింగులో అది కూడా ఒక గడి. మిగతా గడులతో పాటు కదిలింది. నా బిడ్డ కదల్లేదు తమ్ముడూ."

"లేదు. కాదు. నేను కొలిచా. నేను... అప్పటికి నేల చదును చేసేశారు. గట్టు లేదు, చెట్టు లేదు. నా దగ్గర డ్రాయింగు తప్ప గుర్తేదీ లేదు. నీకెలా తెలుస్తుంది? నువ్వు పొరబడి ఉంటావు."

"మా ఇంటి గుమ్మంలో నిలబడి పంపుషెడ్డు తలుపుకేసి చూస్తే సరిగ్గా దారిలో వస్తుంది. గుమ్మం జరగలేదు, షెడ్డు జరగలేదు. ఆ దారి ఎన్నిసార్లు చూసుకుని ఉంటాను? చీకట్లో నడవమన్నా వెళ్ళి సరిగ్గా అక్కడే ఆగుతా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"గుంజలు దింపిన రోజే. గుమ్మంలోంచి చూశా. యంత్రం వచ్చి సరిగ్గా దాని మీదే ఆగింది. ఆపండి ఆపండి అని అరుస్తూ పరుగెత్తా. ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది? నేను కంచె దగ్గరికి వచ్చేసరికే దిగిపోయింది. అప్పుడే నువ్వు ఎదురొచ్చావు. పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. అక్కా, చూడు, నీ చోటు వదిలేశా, ఎవరు ముట్టుకుంటారో నేనూ చూస్తా అన్నావు. చిన్నపిల్లాడిలా నవ్వావు. నీ కళ్ళలో నీళ్ళున్నాయి."

"నువ్వు కూడా ఏడ్చావు. సంతోషంతో అనుకున్నా."

"అనుకోనీలే అనుకున్నా. దిగిన గుంజని పీకితే ఏమొస్తుంది? పీకినా, తవ్వినా, మళ్ళీ దాన్నే కదా కదిపేది. నీ సంతోషం కూడా చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా."

"మరి అక్కడ పూలు పెట్టేదానివి. ప్రతి ఏడూ పెట్టేదానివి. నేను చూశా."

"నువ్వు చూస్తావనే పెట్టేదాన్ని."

"అయ్యో అక్కా... అయ్యో."

"ఊరుకో. మగాడివి, ఆడవాళ్ళు చూస్తారు. నిజం చెప్పనా, పెట్టీ పెట్టీ నాకూ అలవాటైంది. అది అక్కడ లేకపోయినా, దాని కోసమని ఒకరు వదిలిన చోటు కదా. నాకు మాత్రం పోగొట్టుకోవాలని ఉందా? కానీ దాని కోసం నీ పిల్లలు పస్తులుంటే ఆ ఖాళీ నాకెందుకు? ఆ కాగితం చింపెయ్. డ్రాయింగు మీద సంతకం పెట్టి ఇంటికెళ్ళు."

"వెళ్ళను. ఎక్కడుందో చెప్పు."

"ఇప్పుడెందుకది?"

"చెప్పు అక్కా. ఏ స్టాండు? ఏ గుంజ?"

"చీకటి పడుతోంది. ట్యాంకర్ వాడు చూడు, హారన్ కొడుతున్నాడు."

"కొట్టుకోనీ. నేనే దింపించానుగా, నాకు తెలియాలి. ఎక్కడుంది నా మేనకోడలు?"

"ముందు ఆ గుంజ మీద నుంచి చెయ్యి తీసి, కాస్త ఇవతలికి జరుగు తమ్ముడూ."